గుడ్డి కొలిమిలో కుడి తలుపు

ఆ రోజు పొద్దున మబ్బు బాగా కిందికి దిగి ఉంది. కురిసే మబ్బు కాదు. కదలక, రంగు మారక, పని లేని మనిషి అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుంది. అలాంటి వెలుతురులో బావిలోకి దిగితే అడుగు కనబడదు. పక్క వీధిలో ఒప్పుకున్న పూడికతీత మర్నాటికి పెట్టుకుని, గుమ్మంలో కూర్చుని తాడు పొడవునా వేళ్ళతో తడుముతూ పీచు ఎక్కడ తెగిందో చూసుకుంటున్నాను.

అప్పుడు వచ్చింది అక్క కూతురు. భుజాన సంచి, చేతిలో ఒక పాత నోటుపుస్తకం. చెప్పులైనా విప్పకుండా పుస్తకం తెరిచి నా ముఖానికి అడ్డంగా పట్టుకుంది.

"మామయ్యా, ఇది నీ రాతేనా?"

ఆ పుస్తకాన్ని ఎక్కడున్నా గుర్తుపడతాను. అట్ట మీద సాల్డరింగ్ కడ్డీ ఆనిన మచ్చ ఉంటుంది. గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గీసిన పటం. పైన బావ గుండ్రటి అక్షరాలు: గుడ్డి కొలిమి. కుడిపక్క గోడలో ఒక చిన్న తలుపు. ఆ తలుపు మీద నీలం సిరాతో, కాగితానికి గాటు పడేంత నొక్కి, 'లేదు' అని ఒక్క మాట.

"నాదే."

"ఎందుకు లేదు?"

"లేదు గనక."

"బండరాయిని అడిగినా ఇంకో రెండు ముక్కలు చెప్పేది" అని పక్కన కూలబడింది.

ఆ పిల్ల వీడియో ఆటల గురించి రాసే పత్రికలో పని చేస్తోంది. పాతికేళ్ళ కిందటి ఆట ఒకదాన్ని ఈ నెలలో మళ్ళీ కొత్తగా తయారుచేసి వదిలారట. ఆట చివర్లో వచ్చే మూడు నేలమాళిగలు అప్పుడెలా ఉండేవి, ఇప్పుడెలా ఉన్నాయి అని రెండు పేజీలు రాయమన్నారట. పక్కన బొమ్మగా వాళ్ళ నాన్న గీసిన పటం వేస్తానంటోంది.

"నువ్వు రాసిన మాటతో సహా అచ్చవుతుంది. పదివేల మంది చూస్తారు. తప్పయితే తప్పని కింద రాయాలి. నాన్ననడిగితే, మీ మామని అడుగు, ఆయనకి కళ్ళున్నాయిగా అన్నాడు."

తాడు చుట్ట చుట్టి మేకుకి తగిలించాను. కళ్ళ మాట ఇరవై రెండేళ్ళ నాటిది. ఇంకా అరగలేదన్నమాట.

* * *

బావకి ఇంటి ముందుగదిలోనే రేడియోలూ టీవీలూ బాగుచేసే కొట్టు. అప్పట్లో నేను ఆరు నెలలు అక్కడే ఉన్నాను. కొట్టు ఇద్దరిదీ చేద్దామని బావే అన్నాడు. పని శ్రద్ధగా నేర్పాడు. ఆయన పనికి కొన్ని పట్టింపులు ఉండేవి. బాగైన టీవీని తుడవకుండా ఇచ్చేవాడు కాదు. విప్పిన మరమేకులన్నీ ఒక సాసరులో వేసేవాడు. అన్నిటికన్నా గట్టిది, బొమ్మ వెడల్పు. బాగుచేసిన ఏ టీవీలోనైనా బొమ్మ అద్దం కన్నా వేలెడు పెద్దగా ఉండేలా వెనక మర తిప్పి వదిలేవాడు. అంచులు చట్రం వెనక్కి పోతాయి. "ఇటు నల్లపట్టీ ఒక్కటి కనబడిందనుకో, ఇంక జనం పట్టీనే చూస్తారు, బొమ్మని చూడరు" అనేవాడు.

ఒకసారి ఎవరో వీడియో గేమ్ పెట్టె ఇచ్చి, ప్రయాణం ఉంది, రెండు వారాల్లో వచ్చి తీసుకుంటానని వెళ్ళాడు. బావ దాన్ని మొదటి రోజే బాగుచేశాడు. "బాగైందో లేదో చూడాలిగా" అన్నాడు. పదమూడు రోజులు చూశాం.

తెర మీద వచ్చే రాత మా ఇద్దరికీ రాదు. ఏ ఊరో, ఎవరు శత్రువో, ఆ ముసలాడు ఏం అడుగుతున్నాడో ముఖాలను బట్టి ఊహించుకోవడమే. పేర్లు మేమే పెట్టుకున్నాం. అరవై నాలుగు గదులూ ఒకేలా ఉన్న నేలమాళిగ చీమలపుట్ట. నీళ్ళు కారే మెట్లున్నది ఏడ్చే మెట్లు. అన్నిటికన్నా ఆఖరిది, చీకటిది, గుడ్డి కొలిమి. మనతో పాటు లాంతరు పట్టుకుని నడిచే ఒక అమ్మాయి ఉండేది. ఆమె దీపం పిల్ల. ఈ పేరు అక్క పెట్టింది. ఉయ్యాల ఊపే తాడు ఒక చేత్తో లాగుతూ, లోపలి గదిలోంచే అడిగేది: "ఏమైంది, ఆ దీపం పిల్ల పైకొచ్చిందా?"

ఆ ఉయ్యాలలో ఉన్నదే ఇప్పుడు నా పక్కన కూర్చుని జవాబు అడుగుతోంది.

పన్నెండో రోజు సాయంత్రం బావ ఒక్కడే ఆడి గుడ్డి కొలిమి దాకా వెళ్ళాడు. కొలిమి వాకిట్లో దీపం పిల్ల ఆగిపోతుంది. పైకెత్తిన ఇనుప తలుపు పడిపోకుండా ఆమె పట్టుకోవాలి, మనం లోపలికి దిగాలి. లోపల కుడి గోడలో తలుపు చూశాననీ, పటంలో గీశాననీ, అందులోంచి తిరిగొస్తే ఆమెని విడిపించే దారి ఉండి ఉంటుందనీ మర్నాడు నాతో చెప్పాడు. జాయ్‌స్టిక్కు నా చేతికిచ్చి, "నేనొచ్చేదాకా ఆ తలుపు దాటకు, ఇద్దరం కలిసే వెళ్దాం" అని, బాగైన రేడియో ఒకటి ఇవ్వడానికి వెళ్ళాడు.

నేను కుడి గోడ పైనుంచి కిందిదాకా చూశాను. తలుపు లేదు. పక్క గదిలో చూశాను, అక్కడా లేదు. బావ తప్పు చూశాడనుకున్నాను. ఎదురుగా ఉన్న దారిలో పోయాను. ఆటలో ఎంతవరకు వచ్చామో దాచిపెట్టుకునే చోటు ఒక్కటే, దాచితే ఇంక వెనక్కి లేదు. దాచాను. ఆఖర్న ఎదురయ్యే పెద్ద శత్రువుని చంపాను. ఆట అయిపోయింది. బావ తిరిగొచ్చేసరికి తెర మీద ఆఖరి బొమ్మ ఉంది. మూసుకున్న ఇనుప తలుపు, దాని సందులోంచి లాంతరు వెలుగు.

"తలుపుందని చెప్పానా లేదా?" అన్నాడు.

"లేదు."

"నేను చూశానురా."

"నేనూ చూశాను. లేదు."

"అవి కళ్ళా గాజుగోళీలా?"

"లేని తలుపులు గీసే కళ్ళకన్నా నయం."

నోటుపుస్తకం లాక్కుని ఆ తలుపు మీద 'లేదు' అని నేను రాసింది అప్పుడే. కళ్ళెదుట ఉన్నదాన్ని లేదనేవాడితో కలిసి కొట్టు నడపలేనన్నాడు బావ. నడపొద్దన్నాను నేను. పెట్టె మర్నాడు దాని సొంతదారు పట్టుకుపోయాడు. ఇంక తేల్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. తర్వాత నేను బావుల పనిలోకి వెళ్ళాను.

శత్రుత్వం అనడానికి లేదు. వెళ్తే "వచ్చావా" అంటాడు, "వచ్చా" అంటాను. అక్క "తిని వెళ్ళరా తమ్ముడూ" అంటుంది, "పనుందక్కా" అంటాను. ఇరవై రెండేళ్ళలో ఆ ఇంట్లో కంచం ముందు కూర్చోలేదు.

"నడు" అన్నాను పిల్లతో.

* * *

బావ ముందుగదిలో బల్ల మీదికి వంగి ఉన్నాడు. కళ్ళద్దాల మీద ఇంకో జత కళ్ళద్దాలు.

"వచ్చావా."

"వచ్చా."

వెనక గదిలో పిల్ల పలకలా పల్చటి పెద్ద టీవీ పెట్టుకుంది. ముందు కొత్త ఆట పెట్టింది. జాయ్‌స్టిక్కు నా చేతికిచ్చింది. ఇప్పటిదానికి మీటలు మరీ ఎక్కువ. బొటనవేళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియడానికి కాసేపు పట్టింది.

చీమలపుట్టలో అరవై నాలుగు గదులు తొమ్మిది అయ్యాయి. మూలన పటం దానంతట అదే గీసుకుంటూ పోతోంది. దారి తప్పుదామన్నా వీలు లేదు.

"ఎలా ఉంది?" పెన్ను పట్టుకుని అడిగింది.

"ఎవరో ముందే నడిచిన దారి."

"అంటే బాగా లేదా?"

"కాళ్ళు నొప్పి పుట్టలేదు."

అది రాసుకుంది.

ఏడ్చే మెట్లు మాత్రం కొత్తదే మేలు. పాతదాంట్లో నీళ్ళంటే నాలుగు నీలం గీతలు, ఆగి ఆగి జారేవి. ఇందులో నీరు గోడ రాళ్ళ సందుల్లోంచి ఊరి, మెట్టు అంచున కాసేపు నిలిచి, బరువెక్కాక దొర్లుతోంది. ఊట బావిలో అచ్చం అంతే. అది చేసినవాడు ఎక్కడో ఒకచోట బావిలోకి దిగి చూసే ఉంటాడు. అదే చెప్పాను.

"ఇవాళ నువ్వు మాట్లాడిన అతి పొడవైన వాక్యం ఇదే మామయ్యా."

గుడ్డి కొలిమి దగ్గర ఆగాను. కొత్తదాంట్లో చీకటి నీలంగా ఉంది. నీలం చీకట్లో గోడలు కనబడుతున్నాయి, గొలుసులు కనబడుతున్నాయి, అడుగున రాలిన బొగ్గు కూడా కనబడుతోంది. పైగా ఎక్కడినుంచో పాట. పాతదాంట్లో నలుపంటే నలుపే. మన అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. బావిలో ముప్పై అడుగుల కింద ఉండేది ఆ నలుపే. కొత్తది చూడ్డానికి బాగుంది, భయం మాత్రం వెయ్యలేదు.

తలుపు ఉంది. ఎదురుగా, మనిషెత్తు, చుట్టూ వెలుగు. మీద ఒక బాణం గుర్తు కూడా. దీపం పిల్ల వాకిట్లో ఆగనే లేదు; మాట్లాడుతూ వెనకే వచ్చింది.

"ఈమెని వదిలేద్దామన్నా కుదరదు. పాత ఆటలో వదిలేసి జనం బాధపడ్డారట, అందుకని మార్చేశారు" అంది పిల్ల.

"తలుపు వీళ్ళు కొత్తగా పెట్టిందేమో."

"అదే తేల్చాలి."

పాత పెట్టె పత్రికవాళ్ళదట, సంచిలోంచి తీసింది. ఆ బూడిదరంగు, ఆ మూల విరిగిన మూత. అదే పెట్టె కాదు గానీ అలాంటిదే. పలక టీవీకి తగిలించి, గుడ్డి కొలిమి వాకిట్లో ముందే దాచి ఉంచిన చోటినుంచి మొదలుపెట్టింది. దీపం పిల్ల ఇనుప తలుపు ఎత్తి పట్టుకుంది. లోపలికి దిగాను. ఒక్కో గది ఒక్కో తెర. రెండో గది.

కుడి గోడలో, తెర కొట్టకొసన, తలుపు ఉంది.

పాత ఆటలో గోడలన్నీ చిన్న చదరపు పలకలు పేర్చినట్టుంటాయి; మిగతా గదుల్లో తలుపులు రెండు పలకల వెడల్పు ఉంటాయి. ఇది ఒక్క పలక. చీలిక లాంటిది. అయినా తలుపే. బావ గీసిన గడిలోనే, పైనుంచి ఐదోది.

నేను చాలాసేపు చూశాను. పిల్ల పెన్ను మూత పెట్టేసింది.

జాయ్‌స్టిక్కు కింద పెట్టి ముందుగదిలోకి వెళ్ళాను. బావ తల ఎత్తలేదు.

"బావా."

కడ్డీ కొస నుంచి పొగ సన్నగా లేస్తోంది.

"తలుపుంది."

ఆయన కడ్డీని దాని గూట్లో పెట్టాడు. పై కళ్ళద్దాలు తీశాడు. "ఉందని చెప్పాగా" అన్నాడు. గొంతులో గెలుపేం లేదు. ఇన్నాళ్ళు దాచిన వస్తువు తీసి చూస్తే చిన్నగా కనబడినట్టు ఉంది ముఖం.

"కానీ ఆ రోజు నాకు కనబడలేదు. అది కూడా నిజం" అన్నాను.

"మళ్ళీ మొదలు." బావ కడ్డీ అందుకోబోయాడు.

వాకిట్లో నిలబడ్డ అక్క కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ, "ఇద్దరూ ఇద్దరే. ఒకరు మొద్దు, ఒకరు మొండి. మధ్యలో నా వంట చల్లారిపోతోంది" అంది.

అప్పుడు పిల్ల పెట్టె, తీగలు చంకన పెట్టుకుని వచ్చింది. దానికి కావలసింది వేరు. "నాన్నా, పాత ఆటని పాత టీవీలో పెట్టి ఒక ఫోటో తియ్యాలి. నీ బల్ల మీది ముసలిదాంట్లో పెట్టు."

బల్ల మూలన ఉన్నది అప్పుడు మేం ఆట ఆడిన టీవీయే. ఇరవై రెండేళ్ళుగా బాగైనవాటిని పక్కన పెట్టి పోల్చడానికి వాడుతున్నాడు. బావ తీగ తగిలించాడు. అద్దం గుడ్డతో తుడిచాడు. వెలుగు మధ్యలో చుక్కగా పుట్టి తెరంతా పరుచుకుంది. వాకిలి, ఇనుప తలుపు, దీపం పిల్ల. పిల్ల రెండో గదిలోకి నడిపించి ఫోన్ ఎత్తి పట్టుకుంది.

ఎత్తిన ఫోన్ దింపేసింది.

కుడి గోడ గోడలాగే ఉంది. తలుపు లేదు.

అక్క కూడా లోపలికి వచ్చి నిలబడింది. బావ తెర దగ్గరికి ముఖం పెట్టి చూశాడు, దూరం జరిగి చూశాడు. తర్వాత ఆయన చెయ్యి దానంతట అదే సాసరులోకి వెళ్ళి స్క్రూడ్రైవరు తీసుకుంది. టీవీ వెనక్కి చెయ్యి పోనిచ్చి, చూడకుండానే, వెడల్పు మర పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. బొమ్మ రెండు పక్కలా కుంచించుకుంది. ఎడమన నల్లపట్టీ వచ్చింది. కుడిన చట్రం వెనకనుంచి ఒక్క పలక లోపలికి జరిగింది. అందులో తలుపు.

స్క్రూడ్రైవరు అక్కడే వదిలేశాడు.

"ఆ వారమంతా దీని బొమ్మ సన్నబడిపోయి ఉంది" అన్నాడు. నాతో కాదు, టీవీతో చెబుతున్నట్టు. "నేను ఆడిన సాయంత్రం అలాగే ఉంది. మర్నాడు పొద్దున్నే లేచి బాగుచేశాను. నువ్వు వచ్చేసరికి..."

"వేలెడు ఎక్కువ" అన్నాను.

"వేలెడు ఎక్కువ."

పక్కింటివాళ్ళ టీవీ, ఎదురింటివాళ్ళ టీవీ, ఆ వీధిలో ఆయన బాగుచేసిన ప్రతి టీవీ అలాగే పంపాడు. ఎవరి ఇంట్లోనూ ఏ తలుపూ పోలేదు. మా ఇంట్లోనే పోయింది.

ఆయన ముఖం చూస్తే నాకు చెప్పక తప్పదనిపించింది. "బావిలో దిగితే ప్రతి రాయీ కమ్మీతో తట్టి చూస్తాను బావా. కంటికి బాగున్న రాయే మోసం చేస్తుంది. ఆ రోజు తట్టలేదు. కనబడనిదాన్ని ఎందుకు తట్టాలనుకున్నాను. నువ్వొచ్చేదాకా ఆగమన్నావు, ఆగనూ లేదు."

"తడితే తెరుచుకునేదా?" అని కూతుర్ని అడిగాడు.

"తెరుచుకునేది. ఎదురుగా నిలబడి మీట నొక్కితే చాలు, కనబడక్కర్లేదు."

బావ తలాడించాడు. కొంచెం నాకు, కొంచెం ఆయనకి, పంపకం అయినట్టు.

"మరి ఈ 'లేదు'ని ఏం చెయ్యను? కింద తప్పని రాయనా?" పిల్ల నోటుపుస్తకం తెరిచింది.

"తప్పెందుకవుతుంది? ఈ టీవీలో లేదు. తలుపూ వెయ్యి, ఆ మాటా వెయ్యి" అన్నాడు బావ.

"చదివేవాళ్ళకి అర్థం కావాలిగా నాన్నా."

"మీ మామని రాయమను. వాడు రాస్తే ఒక్క ముక్కలో అయిపోతుంది."

అక్క నవ్వింది. నేను నవ్వానో లేదో నాకు తెలియదు.

బావ స్టూలు ఇంకొకటి కాలితో బల్ల కిందినుంచి ఇవతలికి లాగాడు. ఆ స్టూలు నాకు తెలుసు; ఒక కాలు కురచ. కింద మడత కాగితం ఇంకా ఉంది. కూర్చున్నాను. జాయ్‌స్టిక్కు ఆయన నా వైపు తోశాడు, నేను ఆయన వైపు తోశాను. చివరికి ఆయనే పట్టుకున్నాడు.

తలుపులోంచి వెళ్ళాం. అవతల నలుపు. అడుగుల చప్పుడు. "ఎడమన గొయ్యి ఉంటుంది చూడు" అన్నాను. "ఎలా తెలుసు?" అన్నాడు. "చప్పుడు మారింది." ఆగి, తప్పుకుని వెళ్ళాడు. తిరిగి తిరిగి దారి వాకిలి పక్కనే తేలింది. అక్కడ గోడలో ఇనుప మీట. దాన్ని దించితే తలుపు పైనే నిలిచిపోయింది. దీపం పిల్ల రెండు చేతులూ కిందికి దించింది.

ఏదో అంది; తెర మీద నాలుగు అక్షరాలు పడ్డాయి. మాకు ఇప్పటికీ ఆ రాత రాదు. పిల్లకి వచ్చు గానీ, మేము అడగలేదు, తను చెప్పలేదు.

"పైకొచ్చిందా?" అక్క వంటింట్లోంచి.

"వచ్చిందే" అన్నాడు బావ.

"అయితే లేవండి. నాలుగు కంచాలు పెట్టాను."

నేను లేచి అలవాటుగా చెప్పుల వైపు చూశాను. అక్క నన్ను అడగలేదు. నీళ్ళ చెంబు గుమ్మం దగ్గర పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. కాళ్ళు కడుక్కున్నాను.

నలుగురం కూర్చున్నాం. కూర బాగా చల్లారింది. బావ గిన్నె తన ముందునుంచి ఎత్తి నా కంచం పక్కన పెట్టాడు. వడ్డించుకుని పిల్ల వైపు జరిపాను. ముందుగదిలో టీవీ కట్టెయ్యడం మరిచిపోయాం, దాని సన్నటి రొద ఇక్కడిదాకా వినబడుతోంది. ఎవరూ లేవలేదు. తింటూ ఉన్నాం.